కృపావతి అనని మాట

ఆదివారం ప్రార్థనలో అందరూ నోరారా పలికే ఒక మాట దగ్గర కృపావతి నోరు మూసుకునేది. "నీ చిత్తమే జరగనీ తండ్రీ" అని రేకుల గుడంతా మారుమోగుతుంటే, తల దించుకుని ఊరుకుని, అది దాటిపోయాక మళ్లీ గొంతు కలిపేది. పాస్టరు జగదీష్ చూసి, సిగ్గు కాబోలు అనుకున్నాడు. సాలూరులో చదువుకుని కొండెక్కి వచ్చినవాడు, పాపం అతనికేం తెలుసు!

సంగతేమిటంటే, ఆ కొండమీద మొక్కుకి ఒక పద్ధతుంది. కోడినిస్తానంటే కోడే, పందినిస్తానంటే పందే. ఇచ్చేది పేరు పెట్టి చెప్పాలి, కావలసినది పేరు పెట్టి అడగాలి. అలా కాక "నీ ఇష్టం తల్లీ" అన్నవాడి కొట్టంలోంచి దేవత మంచి ఎద్దునే ఏరుకుని పట్టుకుపోతుంది. అందుకే దేవత ముందు నోరు జారకూడదని పసిపిల్లలకి కూడా నేర్పుతారు. కృపావతి బాప్తిస్మం తీసుకుని పేరు మార్చుకుంది గానీ, పుట్టినప్పటినుంచీ ఉన్న భయం ఎక్కడికి పోతుంది? రెండేళ్ల కిందట కొడుక్కి విరేచనాలు పట్టుకున్నప్పుడు, పాస్టరు నేర్పిందే కదా అని "నీ చిత్తం" అనేసింది. తెల్లారేసరికి పిల్లాడు లేడు. తానే చేతులారా అప్పజెప్పేశానని ఆనాటినుంచీ లోలోపల కుమిలిపోతోంది.

ఇప్పుడు కూతురు నిర్మలకి జ్వరం తలకెక్కింది. తొంభై తొమ్మిది వానాకాలం అది. మలేరియా కొండల్లో ఏ ఇంటినీ వదల్లేదు. మిగిలిన ఒక్క బిడ్డా కళ్లు తేలేసి ఏదేదో మాట్లాడుతుంటే, తండ్రి సుక్రు వెదురుకర్రకి దుప్పటి కట్టి డోలీ చేశాడు. ముందు అతను, వెనక జగదీష్ భుజం పెట్టారు. గెడ్డ దాటితే రోడ్డు, రోడ్డెక్కితే జీపు, జీపెక్కితే ఆస్పత్రి. తీరా వచ్చి చూస్తే గెడ్డ పొంగి ఉంది. ఎర్రటి నీళ్లు చెట్లని వేళ్లతో సహా దొర్లించుకుపోతున్నాయి. కాలు పెట్టిన మనిషి మిగలడు.

డోలీని ఒడ్డున దించారు. సుక్రు గెడ్డమ్మకి పందిని మొక్కేశాడు. బాప్తిస్మం తీసుకోని మనిషి, అతని దారి అతనిది. జగదీష్ బురదలోనే మోకాళ్లూని, "తండ్రీ, నీ చిత్తమైతే ఈ బిడ్డని" అంటుండగానే కృపావతి అతని చెయ్యి పట్టుకుని లాగేసింది.

"ఆ మాట అనకండి అయ్యగారూ! నా గుంటని ఇచ్చీయకండి!"

"ఏటైందమ్మా?"

"ఆ మాట అనే నా గుంటడిని సంపుకున్నాను. ఇంకోపాలి ఆ మాట నోట రానియ్యను."

జగదీష్‌కి అప్పటికి బోధపడింది. తాను నేర్పిన ప్రార్థన ఒక తల్లి గుండెలో ఇంత విషమైపోయిందని తెలిసి నీరుగారిపోయాడు. మెల్లగా అన్నాడు.

"యేసుప్రభువు కూడా ముందు ఈ బాధ నాకొద్దు తండ్రీ అనే అడిగినాడమ్మా. ఏడ్సినాడు. ఆ తరవాతే ఆ మాటన్నాడు."

"మరి ఆ బాధ తప్పినాదా?"

అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "తప్పలేదు."

"తప్పనప్పుడు అడగడం ఎందుకూ?"

"తండ్రి కదమ్మా. వద్దనుకున్నది తండ్రికి కాకపోతే ఇంకెవులికి సెప్పుకుంటాం?"

ఆ జవాబు కృపావతికి నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ అంతగా నచ్చలేదు. పిల్లని అవతలి ఒడ్డుకి చేర్చని జవాబుని తల్లి ఏం చేసుకుంటుంది? ఆమె డోలీ పక్కన కూలబడి, పాత పద్ధతిలోనే, పేరు పెట్టి అడగడం మొదలెట్టింది. "నిర్మలని ఉంచు. నాకు నిర్మల కావాల. ఇంకేటన్నా పట్టుకుపో, నన్ను పట్టుకుపో, నిర్మలని ముట్టుకోకు." గొంతు బొంగురుపోయేదాకా అడిగిందే అడిగింది. ఆ ఒక్క మాట మాత్రం పొరపాటున కూడా రానివ్వలేదు.

పొద్దు వాలేవేళకి గెడ్డ తగ్గింది. సుక్రు డోలీ ఎత్తబోతూ దుప్పటి తొలగించి చూసి, అలాగే నేలమీద చతికిలబడిపోయాడు. పిల్ల ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

మర్నాడు గుడి వెనక, తమ్ముడి పక్కనే, నిర్మలకి గొయ్యి తీశారు. పల్లెలో లేవగలిగినవాళ్లు మాత్రం వచ్చారు. జగదీష్ ప్రార్థన చేస్తూ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కృపావతి మొహం చూశాడు. జాలేసి, దాన్ని మింగేసి, ముందుకెళ్లిపోయాడు.

"అయ్యగారూ, ఒక మాట వదిలీసినారు" అంది కృపావతి.

"పర్వాలేదమ్మా. నీకు కష్టమని..."

"నాను అనకపోయినా నా గుంట పోనాది. అంటే ఆ గుంటడు కూడా నా నోటి వల్ల పోనేదు."

రెండేళ్ల భారం దిగిందని సంతోషించడానికి అది సమయం కాదు. ఇంకో బిడ్డని గోతిలో పెట్టాక దిగిన భారం అది. ఆమె గోతి అంచున మోకాళ్ల మీద కూర్చుని, పైకి చూసి, అందరికీ వినబడేలా అంది.

"తండ్రీ, నీ చిత్తమే జరగనీ. నాకు మాత్రం ఇష్టం నేదు. రెండు మాటలూ ఇను."

ఆమేన్ అనవలసినవాడు జగదీష్. అతను మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు. కృపావతి అతని వంక చూసి, ఆ ఆమేన్ కూడా తానే అని, కూతురి మీద మొదటి గుప్పెడు మట్టి వేసింది.