రెండు దగ్గుల పాట

సంగీతం మాస్టారు గదిలో అడుగుపెట్టేసరికి హార్మోనియం తన చోట లేదు. ఆ చోట తెల్లటి అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. హార్మోనియం మూలన, చీపురు పక్కన, గోడవైపు తిరిగి ఉంది. తప్పు చేసిన పిల్లాణ్ని నిలబెట్టినట్టు.

"ఎవరు జరిపారు దీన్ని?"

"మేమే మాస్టారూ," అంది పెద్దమ్మ. "మేడం జరపమన్నారు. బల్ల కాలు ఊగుతుంటే కింద అట్టముక్క కూడా పెట్టించాను. మీకు నడుం నొప్పి కదా, మీరు ఎత్తకండి. మాకు చెప్పండి."

పెద్దమ్మకు తొమ్మిదేళ్లు. ఆ పేరు ఇంట్లో పెట్టింది కాదు, నాలుగో తరగతి పెట్టింది. ఎవరి నీళ్లసీసా మూత బిగుసుకుపోయినా, ఎవరికి ఎవరితో మాటల్లేకపోయినా పంచాయితీ ఆవిడ దగ్గరికే వచ్చేది. అన్నీ ఉన్నాయి ఆ పిల్లకి, గొంతు తప్ప. నోరు తెరిచిందంటే శ్రుతి గోడ దూకి పారిపోయేది. అందుకని బడి తెరిచిన మొదటి వారంలోనే మాస్టారు ఆమెను చివరి వరసలో నిలబెట్టి, "నువ్వు పెదాలు కదుపు చాలు. గొంతు వద్దు," అన్నారు. పిల్ల సరేనంది. ఆరు నెలలుగా కదుపుతోంది. అంత శ్రద్ధగా పెదాలు కదిపే మనిషిని మాస్టారు తన సర్వీసులో చూడలేదు.

అందులో తప్పేమీ ఆయనకు కనబడలేదు. తెగిన తీగను ఎవరూ మీటరు.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. వెనకాలే టై కట్టుకున్న కంపెనీవాడు. హెడ్‌మిస్ట్రెస్ ఒకప్పుడు ఇదే బడిలో, ఇదే గదిలో మాస్టారి దగ్గర చదివింది. ఇప్పుడు ఆయన సెలవు చీటీల మీద సంతకం పెడుతోంది.

కంపెనీవాడు పెట్టె విప్పి ట్యాబు బయటికి తీశాడు. పాట తెరమీద కదులుతుంది. పిల్లలు పాడాలి. స్వరం సరిగ్గా పడితే నక్షత్రం వస్తుంది. పడకపోతే లోపలినుంచి ఒకావిడ, తేనె పూసిన గొంతుతో, "మళ్లీ ప్రయత్నించండి!" అంటుంది. ఏ రోజుకారోజు ఎక్కువ నక్షత్రాలొచ్చినవాళ్లు తరగతి నాయకులు. తెరమీద కిరీటం కూడా పెడుతుంది.

"దీనికి కోపం రాదు సార్," అన్నాడు కంపెనీవాడు.

"దానికి ఇంకా వీళ్లు తగల్లేదు," అన్నారు మాస్టారు.

హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది గాని మాట దాటనివ్వలేదు. "వచ్చే శుక్రవారం మూడో పీరియడ్‌లో చూద్దాం మాస్టారూ. పిల్లలు ముందు ట్యాబుతో పాడతారు. తర్వాత మీరు నేర్పిన వానపాట, ఏ సాయమూ లేకుండా. మీరు వరండాలో ఉంటారు. మీరు పక్కన లేకపోతే వాళ్లకేం మిగిలిందో నాకు తెలియాలి. ఏమీ మిగల్లేదంటే సంగీతం పీరియడ్లు ట్యాబులకి, మీరు లైబ్రరీకి."

"లైబ్రరీలో నేనేం నేర్పాలమ్మా? పుస్తకాలకి సరిగమలా?"

"దుమ్ము దులపండి. ఎలాగూ దగ్గు అలవాటేగా మీకు."

అది నిజమే. ముప్పై రెండేళ్ల సుద్దపొడి ఆయన గొంతులో కాపురం పెట్టింది. ప్రతి పాటకి ముందూ రెండుసార్లు దగ్గితే గాని గొంతు తెరుచుకోదు. ఆయన దగ్గేవారు, చెయ్యి ఎత్తేవారు, పిల్లలు అందుకునేవారు. ఆయన బాధల్లా ఒకటే. ఏ తరగతి చూసినా జలుబే. పాట మొదలుపెట్టే ముందు అందరూ ఖళ్లుఖళ్లుమనేవాళ్లు. తల్లులు స్వెటర్లు సరిగా వెయ్యరని ఆయన నిశ్చయించుకున్నారు.

సోమవారం నుంచి ట్యాబులు నడిచాయి. బుధవారానికి నాలుగో తరగతిలో అందరికీ నూరుపైనే నక్షత్రాలు. హెడ్‌మిస్ట్రెస్ పట్టిక తీసుకొచ్చి చూపించింది. పెద్దమ్మకి కూడా నూట పన్నెండు. అక్కడ మాస్టారికి ముల్లు గుచ్చుకుంది. ఆ పిల్లకి నూట పన్నెండు వస్తే తన హార్మోనియానికి రెక్కలు రావాలి.

గురువారం ట్యాబుల పీరియడ్‌లో వెళ్లి కిటికీ పక్కన నిలబడ్డారు. లోపల ఒకే ఒక్క గొంతు వినబడుతోంది. అది రేడియోది. రేడియో అంటే ఆ తరగతిలో బాగా పాడే పిల్ల. నొక్కితే మోగుతుంది, ఆపితే గాని ఆగదు. ఆ పిల్ల నడిమధ్యన కూర్చుని పాడుతోంది. మిగతా పాతికమంది ట్యాబుల్ని ఆమెవైపు తిప్పి, నోళ్లు కుట్టేసుకున్నట్టు కూర్చున్నారు. ఒక పాట, ఇరవై ఆరు నక్షత్రాలు.

"తుమ్మొచ్చినా ఆపుకోండి," పెద్దమ్మ గుసగుసగా అంటోంది. "తుమ్మితే నక్షత్రం పోద్ది. నువ్వు, కిటికీ పక్కోడా, ట్యాబు ఇంకాస్త ఇటు పెట్టు. రేడియో, నీళ్లు తాగి రెండోది అందుకో."

మాస్టారికి నవ్వొచ్చింది. దాని వెనకే ఒళ్లు మండింది. పాతికమందిని ఒక్క మాటతో నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం ముప్పై రెండేళ్లలో తనవల్ల కాలేదు. బెత్తం వల్లా కాలేదు. కిరీటం మాత్రం తెరమీద రేడియోకే ఉంది.

ఆయన ఎవరికీ చెప్పలేదు. చాడీలు చెప్పే వయసు దాటిపోయింది.

ఆ సాయంత్రం మరదలు కూర గిన్నె పట్టుకుని వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది. అక్క పోయి నాలుగేళ్లయినా వారానికి రెండుసార్లు వచ్చి, గిన్నె పెట్టి, బావని నాలుగు మాటలని, వెళ్తుంది.

"రేపు ఎవర్ని ముందు నిలబెడతారు బావా?"

"రేడియోని. గొంతున్నది దానికే."

"మీకు గొంతు తప్ప మనుషులు కనబడరు కదా. మా అక్క కూడా కనబళ్లేదు."

"మధ్యలో మీ అక్కెందుకు?"

"మా ఇంటికొస్తే అంట్లు తోముతూ పాడేది. తెలుసా మీకు?"

"ఎవరు? మీ అక్కా?"

"మధ్యాహ్నమంతా. పక్కింటివాళ్లు కిటికీ వేసుకునేవాళ్లు, అంత బాగుండేదనుకోండి. అయినా పాడేది. ఇక్కడికి నేను దిగబెట్టడానికొస్తే దారంతా పాడుకుంటూ వచ్చి, అదిగో, ఆ చెప్పులు విప్పేచోట ఆపేసేది." గిన్నె మీద మూత సర్దింది. "వేడి చేసుకు తినండి. చల్లగా తిని మళ్లీ దగ్గకండి."

వెళ్లిపోయింది.

మాస్టారు గుమ్మం దగ్గర చెప్పుల వంక చూశారు. పెళ్లయిన మొదటి నెలలో భార్య బట్టలు మడతపెడుతూ ఏదో కూనిరాగం తీసింది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "శ్రుతి లేదు," అన్నారు. రెండే మాటలు. తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఇంట్లో ఆమె గొంతులోంచి రాగం రాలేదు. పాపం, సంగీతమంటే ఆసక్తి లేని మనిషి అని ఆయన నలుగురితో చెప్పేవారు కూడా.

కూర వేడి చెయ్యలేదు.

శుక్రవారం మొదటి బెల్లు కొట్టకముందే పెద్దమ్మని పిలిచారు.

"ఇవాళ పాట నువ్వు మొదలుపెట్టాలి."

పిల్ల వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. "నేనా? నాకు గొంతు లేదన్నారుగా?"

"మొదలుపెట్టడానికి గొంతెందుకు? అందరూ ఒక్కసారి ఎత్తుకునేలా చూడు. మధ్యలో ఎవరైనా పరిగెడితే పట్టుకో. నక్షత్రాలకి కూర్చోబెట్టావుగా, అలాగే."

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "మీరు చూశారా మాస్టారూ?"

"చూశాను. తుమ్ము ఆపించడం అన్నిటికన్నా బాగుంది."

రేడియో అలిగింది. "కిరీటం నాది, మొదలుపెట్టేది అదా?" అని మూతి ముడుచుకుంది. పెద్దమ్మే వెళ్లి, ముందువరస మధ్యచోటు ఆమెకిచ్చి, జడ సరిచేసి, బేరం కుదుర్చుకొచ్చింది.

మూడో పీరియడ్. మాస్టారు వరండాలో, కిటికీకి ఈవలి పక్క. లోపల హెడ్‌మిస్ట్రెస్, కంపెనీవాడు, రెండు కుర్చీలు.

ముందు ట్యాబులు. రేడియో ఒక్కతే ఎత్తుకుంది. హెడ్‌మిస్ట్రెస్ ఒక చరణం విని, "మిగతావాళ్లకేమైంది? అందరూ పాడండి," అంది. అందరూ పాడారు. ఏ ట్యాబుకి ఎవరి గొంతు చేరిందో దానికే తెలియాలి. ఇరవై ఆరు తేనె గొంతులు ఒకదాని మీద ఒకటి పడి, "మళ్లీ ప్రయత్నించండి! మళ్లీ ప్రయత్నించండి!" అని అరిచాయి. ట్యాబులో ఆవిడకి కోపం రాదన్న మాట నిజమే. బుద్ధి కూడా రాదు.

"నెట్ స్లోగా ఉంది మేడం," అన్నాడు కంపెనీవాడు.

"సరే, అవి పక్కన పెట్టండి. వానపాట."

రేడియో ఆరిపోయిన తెర వంక చూస్తోంది. ఎవరూ నోరు తెరవలేదు. మాస్టారికి లైబ్రరీ తలుపు కిర్రుమన్న చప్పుడు చెవిలో వినబడింది.

చివరి వరసలోంచి పెద్దమ్మ రెండుసార్లు దగ్గింది.

వెంటనే మిగతా పాతికమందీ రెండుసార్లు దగ్గారు. ఒకే తాళంలో, ఒకే బరువుతో. హెడ్‌మిస్ట్రెస్ కూడా దగ్గింది. దగ్గి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పాట లేచింది.

వరండాలో మాస్టారు కిటికీ ఊచ పట్టుకున్నారు. జలుబు కాదు. స్వెటర్లూ కాదు. ముప్పై రెండేళ్లుగా పిల్లలు ఆయన దగ్గుని పాటలో మొదటి ముక్కగా నేర్చుకుంటున్నారు. ఆయన నేర్పాననుకున్నవి ఎన్ని మిగిలాయో గాని, నేర్పనిది మాత్రం పొల్లుపోకుండా ఉంది.

రెండో చరణంలో రేడియో పరుగందుకుంది. వెనకనుంచి పెద్దమ్మ మడమతో నేలమీద టక్కుమని కొట్టింది. ఇంకోసారి. పిల్లలంతా ఆ మడమ తాళానికి తిరిగారు. రేడియో వెనక్కి వచ్చి వాళ్లలో కలిసింది. అందరూ ఒక్కచోట ఆగారు.

హెడ్‌మిస్ట్రెస్ వరండాలోకి వచ్చింది.

"ఆ దగ్గు మీరు నేర్పారా?"

"నేర్పలేదమ్మా. అంటుకుంది."

"నాకింకా వదల్లేదు. మీటింగులో మాట్లాడే ముందు ఇప్పటికీ రెండుసార్లు దగ్గుతాను. మా ఆయన డాక్టరుకి చూపించుకోమని గోల." నవ్వింది. నవ్వు అక్కడితో ఆపేసింది. "మొదలుపెట్టిన పిల్ల పాడలేదెందుకు? పెదాలే కదిలాయి."

"నేనే వద్దన్నాను."

"నన్ను కూడా వద్దన్నారు. మూడో తరగతి. ఈ కిటికీ పక్కనే."

"గుర్తులేదమ్మా."

"మీకెందుకు గుర్తుంటుంది మాస్టారూ? నోరు మూసుకున్నది నేను కదా." ఆవిడ గొంతు పెంచలేదు. "ట్యాబు ఎవర్నీ పాడొద్దనదు. మళ్లీ ప్రయత్నించమంటుంది. అందుకే తెప్పించాను."

క్షమించమని అడగడం ఆయనకి చేతకాదు. అడిగినా ఆవిడ క్షమించేలా లేదు. అడగాల్సిన ఇంకో మనిషి ఎలాగూ లేదు.

"గది మీదే," అంది హెడ్‌మిస్ట్రెస్. "ట్యాబులు వారానికి ఒక్కరోజు. కానీ ఈ గదిలో ఉత్తి పెదాలు కదిపే పిల్ల ఇంకొక్కతి నాకు కనబడిందా, లైబ్రరీ తాళాలు మీ చేతిలో పెడతాను."

"కనబడదు."

ఆవిడ వెళ్లిపోయింది. కంపెనీవాడు టై వదులు చేసుకుంటూ వెనకాలే నడిచాడు. మాస్టారు లోపలికి వెళ్లి, హార్మోనియం మీద చెయ్యి వేశారు.

"మీరు ఎత్తకండీ!" పెద్దమ్మ అరిచింది. నలుగురు పరిగెత్తుకొచ్చి దాన్ని తెచ్చి పాతచోట పెట్టారు.

"నువ్వు ముందు వరసలోకి రా," అన్నారు మాస్టారు ఆమెతో.

"పెదాలేనా మాస్టారూ?"

"గొంతు కూడా."

"శ్రుతి పోతుంది."

"పోనీ. దారి తెలుసు దానికి, తిరిగొస్తుంది."

ఆయన దగ్గారు. తరగతి దగ్గింది. పెద్దమ్మ పాడింది. శ్రుతి గోడ దూకింది, సందు దాటింది, ఇంకా దూరం పోయింది. రేడియో చెవులు మూసుకోబోయి, మాస్టారి ముఖం చూసి చేతులు దించుకుంది. పెద్దమ్మ కళ్లు మూసుకుని పాడుతూనే ఉంది. ఆరు నెలల బాకీ ఒక్కసారి తీర్చుకుంటున్నట్టు.

బల్ల మీద ఎవరో ఆపడం మరిచిన ట్యాబు వెలిగింది. "మళ్లీ ప్రయత్నించండి!" అంది తియ్యగా.

పిల్ల ఆగిపోయింది.

మాస్టారు ట్యాబుని బోర్లించి, దానిమీద సుద్దముక్కల డబ్బా పెట్టారు.

"ఆపకు," అన్నారు.