దొర కూర్చున్న తీరు

మా తమ్ముడికి ఒక గొప్ప గుణం ఉంది. ఇంటి గోడ పగిలితే గాలి బాగా ఆడుతోందని చెప్పగలడు, విన్నవాళ్ళ చేత ఔననిపించగలడు కూడా. కుక్కల వ్యాపారంలోకి దిగాక ఆ గుణానికి సరైన చోటు దొరికింది.

వాడి దగ్గర దొర అని ఒక మగకుక్క ఉంది. గుర్రప్పిల్లంత ఉంటుంది. ముందుకాళ్ళు ఎత్తి భుజాల మీద వేస్తే మనిషన్నవాడు వెల్లకిలా పడాల్సిందే. ఆ దొర అన్ని కుక్కల్లా కూర్చోదు. వెనక కాళ్ళు రెండూ ఒక పక్కకి పారేసి, ఒక తుంటి మీద వాలి, దిండుకి ఆనుకున్నట్టు కూర్చుంటుంది. ఇంకెవరైనా అయితే దీనికేమైందని కంగారుపడతారు. మా వాడు మాత్రం, "చూశారా ఆ ఠీవి! వంశంలో ఉందండీ. దీని పిల్లలన్నీ ఇలాగే కూర్చుంటాయి, గ్యారంటీ" అని అమ్మేశాడు. జనం ఎగబడి కొన్నారు. పక్కకి పడ్డ ఆ కాళ్ళకి ఫొటోలు తీసి నలుగురికీ పంపుకున్నారు. బుర్రలేని జనం!

మా గున్న ఆ దొర కూతురే. ఛాతీ మీద తెల్లమచ్చ ఉందని ఎవరూ కొనకపోతే తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "ఉంచుకో అక్కా. పెద్దదయ్యాక ఒక్క ఈత పిల్లలు మాత్రం నావి" అన్నాడు. ఇల్లంతా ఏనుగుపిల్లలా తిరిగేది. రెండేళ్ళు నిండకముందే గుమ్మం మెట్ల దగ్గర ఆగిపోయి, ఎక్కలేక నా మొహంకేసి చూడటం మొదలుపెట్టింది.

పశువుల డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి కిటికీ వెలుగుకి పట్టింది. "తొడ ఎముక గుండు తుంటిలో ఈ గిన్నెలో ఇమిడిపోవాలి. చూడండి, బయటికి జారి అంచుకి రాసుకుంటోంది. తిన్నగా కూర్చుంటే నొప్పి, అందుకే పక్కకి వాలుతోంది. వాళ్ళ నాన్న కూడా ఇలాగే కూర్చుంటాడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఠీవట, ఠీవి!

"పెద్ద జాతుల్లో ఇది వంశంలో వస్తూ ఉంటుంది. ఆపరేషన్ చేస్తే కొంత నయం. పిల్లలు మాత్రం వద్దు. దీనికీ వద్దు, ఆ తండ్రికీ వద్దు" అందామె.

ఆ సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆదివారం గున్నని తీసుకురా. దొరతో జత కట్టిద్దాం."

"కన్నతండ్రితోనా? నీకేమన్నా మతి పోయిందా?"

"కుక్కలకి వరసలేంటక్కా! రెండు పక్కలా ఆ ఠీవి ఉంటే పిల్లలకి రెట్టింపు వస్తుంది. ఆ పిల్లల కోసం ఇప్పుడే మాట్లాడుకోడానికి వస్తున్నారు తెలుసా?"

డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. "వాళ్ళూ బతకాలిగా" అని నవ్వాడు వెధవ.

ఆదివారం వెళ్ళాను. గున్నని ఇంట్లోనే ఉంచి, ఎక్స్‌రే పట్టుకుని వెళ్ళాను.

హాల్లో టైల్స్ అద్దంలా తుడిచి ఉన్నాయి. సోఫాలో కుక్కపిల్ల కోసం వచ్చిన ఒక మొగుడూ పెళ్ళాం, ఎదురుగా దొర, దొరగారి ఠీవి. నేను ఎక్స్‌రే ఆయన చేతికిచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. దాన్ని తలకిందులుగా పట్టుకుని, "ఎముకలు బాగా పెద్దవండీ" అని మెచ్చుకున్నాడు. వీళ్ళకి ఏమని చెప్పను!

"ఒరే, ఆ దొరగారిని ఒక్కసారి లేవమను" అన్నాను తమ్ముడితో.

"దానికి బుద్ధి పుట్టినప్పుడు లేస్తుందిలే. బలవంతపెట్టకూడదు."

బుద్ధి దానికే పుట్టింది. నా బట్టల్లో గున్న వాసన తగిలిందేమో, తోక టపటపా నేలకేసి కొట్టింది. ముందుకాళ్ళు లేచాయి. వెనకవి లేవలేదు. గోళ్ళు టైల్స్ మీద గీసుకుంటూ జారిపోయాయి. మళ్ళీ లేవబోయింది, మళ్ళీ కూలబడింది. కింద తడి పారింది. అంత పెద్ద జంతువూ తల గోడవైపు తిప్పేసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

ఎవరూ పిలవకుండానే వంటింట్లోంచి మరదలు వచ్చింది. చేతిలో పొడుగాటి తువ్వాలు, కొసలు రెండూ మెలితిరిగి తాళ్ళయిపోయాయి, నిండా కుక్క వెంట్రుకలు. దాన్ని దొర కడుపు కిందనుంచి దూర్చి, నడుం బిగించి, "లే నాన్నా, లే" అంటూ ఒక్క ఊపున లేపింది. అది ఇవాళ నేర్చుకున్న పని కాదు. గున్నని మెట్లెక్కించడానికి మా ఇంట్లో గుమ్మం పక్క మేకుకీ అలాంటి తువ్వాలే వేలాడుతోంది, నాకు తెలియదా? అంటే వీడికి అంతా తెలుసు. తెలిసే అమ్ముతున్నాడు! వీడు నా తోడబుట్టినవాడు, నా ఖర్మ.

"అయ్యో పాపం, ముసలిదా అండీ?" అంది సోఫాలో ఆవిడ.

"నాలుగేళ్ళు" అంది మరదలు.

ఇంక లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆవిడ మాత్రం, "మేం కొనే పిల్ల కూడా అలా పక్కకే కూర్చుంటుంది కదా?" అని అడిగింది.

తమ్ముడు నోరు తెరిచాడు. వాడి గ్యారంటీ బయటపడేలోగా మరదలు అందుకుంది.

"తప్పకుండా కూర్చుంటుందండీ. రండి, లేపడం కూడా ఇప్పుడే నేర్చుకుందురుగాని." అని తడిసిన తువ్వాలు కొస ఆవిడ ముందుకి చాచింది.

ఆవిడ చేతులు రెండూ వెనక్కి లాగేసుకుంది. ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. వాళ్ళు గేటు దాటాక కూడా మరదలు ఆ కొస దించలేదు. మొగుడి వైపు తిప్పింది.

"మీరు పట్టుకోండి. రోజూ ఒక్కదాన్నే మోసి నా నడుం పడిపోయింది."

వాడు నా మొహం చూడకుండా పట్టుకున్నాడు. ఆ తరవాత గున్న ఊసెత్తలేదు.