తెలిసీ చుట్టిన ఉండలు

మోటార్లకు రాగితీగ చుట్టడం అతని పని. అందుకని వీధిలో అందరూ అతన్ని తీగ అనేవారు. మనిషి కూడా అలాగే ఉంటాడు కనుక ఆ పేరే నిలిచిపోయింది. అన్నావదినలతో ఒకే ఇంట్లో ఉండేవాడు. అన్న నీళ్ల ట్యాంకరు డ్రైవరు. ఎనిమిది నెలల కిందట ఒక ఉదయం ట్యాంకరును పంపుల దగ్గర నిలిపి, తాళం బండికే వదిలేసి, ఎటో నడిచి వెళ్లిపోయాడు. గొడవ లేదు, జబ్బు లేదు. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు కూడా భార్యతో నవ్వుతూనే మాట్లాడాడు.

పండుగ ముందురోజు పొద్దున్నే పోలీస్ స్టేషన్ నుంచి తీగకు ఫోన్ వచ్చింది. జలాశయంలో పూడిక తీస్తున్న కూలీలకు ఒక శవం దొరికిందట, వచ్చి చూడమన్నారు. వదినకు చెప్పకుండా వెళ్లాడు. చూశాడు. సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోకే బెల్లం వాసన వస్తోంది. వదిన చెమటలు కక్కుతూ పొయ్యి ముందు నిలబడి కొబ్బరికోరు, బెల్లం కలియబెడుతోంది. ‘ఈ ఏడు కూడా పండుగ చేస్తావా?’ అని మేడమీది పెద్దావిడ అడిగితే, ‘చావు జరిగిన ఇంట్లో కదండీ పండుగ మానేది, మాకేమైంది?’ అని మొహం మీదే అనేసిన మనిషి ఆమె.

“సమయానికి వచ్చావు తీగా. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కో. నీ వార్నిష్ కంపు దేవుడికి పెట్టలేం.”

“వదినా, ఒక్క మాట...”

“మాటలు తర్వాత. ఇది దగ్గర పడింది. వేడిమీద చుట్టకపోతే పొడిపొడి అయిపోతుంది. కూర్చో ముందు.”

అతను కూర్చున్నాడు. అరచేతులకు నెయ్యి రాసుకున్నాడు. పండుగ వెళ్లాక చెబుదాం, ఒక్కరోజేగా అనుకున్నాడు. వేళ్లు కాలుతున్నా తెలియలేదు.

“అంత చిన్న మోటారుకి అన్నేసి చుట్లు చుడతావు, ఒక్క ఉండ గుండ్రంగా రాదా నీకు?” అని వదిన నవ్వింది. “పోనీలే, ఆ వంకరవి మీ అన్నకి ఉంచుదాం. వంకరవే నచ్చుతాయాయనకి. నన్ను చేసుకోలేదూ!”

అతను ఇంకో ఉండ చుట్టాడు.

ఉండలన్నీ పళ్లెంలో పేర్చి, ఆమె దేవుడి అలమర వైపు నడిచింది. అగ్గిపుల్ల గీయబోతుంటే తీగ వెనకే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. జన్మలో ఎప్పుడూ వదిన చెయ్యి పట్టుకున్నవాడు కాదు.

“పెట్టకు వదినా.”

“ఏం, ఎంగిలి చేశావా?”

“మనం పెట్టకూడదు.”

ఆమె అతని మొహంలోకి చూసింది. అగ్గిపెట్టె మెల్లగా కింద పెట్టింది.

“ఎలా గుర్తుపట్టావు?”

“వేలికి రాగి ఉంగరం ఉంది. నేను చుట్టిందే. నా చుట్టు నాకు తెలీదా?”

“ఎప్పుడు చూశావు?”

“పొద్దున.”

“తెలిసే నా పక్కన కూర్చుని ఉండలు చుట్టావా?”

అతను పళ్లెం తీసి పొయ్యి పక్కన పెట్టాడు.

“నన్ను నవ్వనిచ్చావు” అంది.

ఆమె గట్టిగా ఏడ్చి ఉంటే అతనికి కొంత నయంగా ఉండేది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, నెయ్యి జిడ్డు పోని చేతుల్ని కొంగుకు తుడుస్తూనే ఉంది. “వస్తాడు, వచ్చాక నిలదీసి అడుగుతాను అనుకున్నాను. ఎందుకు పోయావు, నేనేం తక్కువ చేశానని. రోజూ అదే అనుకుంటూ పడుకున్నాను. ఇప్పుడు ఎవర్ని అడగను?”

మర్నాడు శవాన్ని తెచ్చుకోవడానికి అతను ఆసుపత్రికి వెళ్తుంటే డబ్బా ఒకటి చేతికిచ్చింది. “నేను రాలేను. ఆయన్ని అలా చూడలేను. ఇవి ఆయన పక్కన పెట్టు.”

శవాల గది కాపలావాడు డబ్బా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. “మూట కట్టేశాం బాబూ, విప్పేది లేదు. లోపలికి తినేవి రానివ్వం. సంతకం పెట్టాల్సిన ఆయన కూడా సెలవు. రేపు రండి.”

తీగ బయట మెట్లమీద కూర్చున్నాడు. ముందురోజు పొద్దుటి నుంచి కడుపులో ఏమీ పడలేదు. తనకు తెలియకుండానే డబ్బా తెరిచి ఒక ఉండ నోట్లో పెట్టుకున్నాడు. చాలా బాగుంది. అదే భరించలేకపోయాడు. నోరు మూసుకుని అక్కడే, వచ్చేపోయేవాళ్ల మధ్యన ఏడ్చాడు. మిగిలినవి డబ్బాతో సహా కాపలావాడి బల్లమీద పెట్టి వచ్చేశాడు.

ఇంట్లో వదిన అలాగే కూర్చుని ఉంది.

“పెట్టావా?”

“పెట్టాను.”

“అన్నీనా?”

“అన్నీ.”

ఆమె నమ్మిందో లేదో అతనికి తెలియలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. దహనం అయిపోయాక కూడా చాలా రోజులు ఆమె పొయ్యి దగ్గరికి రాలేదు. తనకు వచ్చినట్టు అతనే వండాడు. పెట్టింది పెట్టినట్టే మిగిలేది.