సినిమా పెళ్లికి రాసిన కట్నాలు

సినిమా లెక్కలు నేర్చుకోవడానికి వచ్చిన రెండు నెలల్లో రేఖ మేడమ్ నాకు డబ్బు ఎట్లా పోతుందో బాగా నేర్పింది. జనరేటర్ డీజిల్‌కి ఎట్లా పోతుంది, హీరోయిన్ తల్లి వేషం వేసినామె కారుకి ఎట్లా పోతుంది, వానకు షూటింగ్ ఆగిపోయినా టిఫిన్లకు ఎట్లా పోతుంది, అన్నీ చెప్పింది. డబ్బు ఎదురొస్తే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. షూటింగ్ స్పాట్‌లో డబ్బు ఎదురొస్తుందని ఆమె మాత్రం కలగన్నదా!

మాది కోడేరు. నాగర్‌కర్నూల్‌లో బీకాం చేసి వనపర్తిలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాసేదాన్ని. ఒక సినిమా కంపెనీ కొత్తవాళ్లను తీసుకుని షూటింగ్‌లోనే అకౌంట్స్ నేర్పిస్తుందని తెలిసి, పోతానని సేటుకి చెప్పాను. "పోతే మళ్ల రాకు కావ్యా" అన్నాడు. "రాను పో" అన్నాను. నోటి దురుసులో మా ఇంట్లో నాకు సాటి లేరు. అందుకే ఈ పని దక్కకపోతే వెనక్కి పోవడానికి నాకు చోటు లేదు.

గద్వాల షెడ్యూల్ చివరి రోజు పొద్దున్నే రేఖ మేడమ్ నగదు పెట్టె నా చేతికిచ్చింది. ఆమె కంపెనీకి సీనియర్ అకౌంటెంట్, నాకు గురువు. "ఇవాళ క్రౌడ్‌కి కూలి నువ్వొక్కదానివే పంచాలి. సాయంత్రానికి నగదు, ఓచర్లు సరిపోతే తర్వాతి సినిమాకి నా అసిస్టెంట్‌వి. తేడా వస్తే నేనేం చెయ్యలేను" అంది.

ఆ రోజు తీసేది పెళ్లి సీను. రాజోలి అవతల ఒక ఊళ్లో పందిరి వేశారు. ఊరివాళ్లే క్రౌడు. డైరెక్టరుకి అన్నీ నిజంగా ఉండాలనే పిచ్చి. నిజం పంతులు, నిజం బాజా, పందిరి వెనక నిజం వంట. నేను పందిరి మొదట్లో బల్ల వేసుకుని కూలికి వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటున్నాను. డైరెక్టర్ కెమెరాలోంచి చూసి, "ఆ అమ్మాయిని కదపొద్దు, బల్లా పుస్తకమూ పెళ్లిలో బాగా కలిశాయి" అన్నాడు. సరేనని కూర్చున్నాను.

తాళి కట్టడం అయింది. జనం బంతిలో కూర్చుని తినడం అయింది. కెమెరా తిరుగుతుండగానే ఒక పెద్దావిడ కొంగుముడి విప్పుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "రాయి బిడ్డా, జములమ్మ, నూటొక్క రూపాయి" అని నోటూ బిళ్లా బల్ల మీద పెట్టింది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక తలపాగా చుట్టుకున్న ముసలాయన. చూస్తుండగానే వరుస కట్టారు.

చదివింపులను మా పాలమూరులో కట్నాలు రాయించడం అంటాం. పెళ్లికొడుక్కిచ్చే కట్నం వేరు, ఇది వేరు. పెళ్లి భోజనం చేసినవాళ్లు పుస్తకం పట్టుకుని కూర్చున్న మనిషికి ఇంత ఇచ్చి పేరు రాయించుకుని పోతారు. సీనులో ఇది కూడా ఉందనుకున్నాను. బిందెలూ పీటలూ తెచ్చిన ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లే నోట్లు కూడా పంచి ఉంటారనుకున్నాను. కట్ అనేదాకా రాస్తూనే ఉన్నాను. పైగా బాగా నటిస్తున్నానని లోపల మురిసిపోయాను కూడా.

కట్ చెప్పాక ఆ డబ్బంతా తీసుకుపోయి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ జితేందర్‌కి ఇవ్వబోయాను.

"గివేం పైసలు?" అన్నాడు.

"మీరు జనాలకిచ్చినవే."

"మేమెందుకిస్తం? మాకే రెండు వారాల బత్తా రాలే."

నోట్లు మళ్లీ లెక్కపెట్టాను. పదమూడు వేల చిల్లర. ఊరివాళ్లు నిజంగా తమ చేతి డబ్బే పెట్టారు. ఎందుకు పెట్టారు? పెళ్లి సినిమాదని తెలియదా? తెలియకపోతే నేను వాళ్లను మోసం చేసినట్టా? తెలిస్తే వాళ్లు నాతో ఆడుకుంటున్నట్టా?

రేఖ మేడమ్‌కి చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి నా వైపు చూసింది. "డబ్బు తక్కువైతే తెలివితక్కువ అంటారు, ఎక్కువైతే దొంగ అంటారు. దీన్ని లెక్కలో ఏ పద్దు కింద రాస్తావ్? కూలితో పాటు ఎవరిది వాళ్లకు తిరిగిచ్చెయ్" అంది.

కూలి పంచేటప్పుడు జములమ్మకు కూలీ, నూటొక్కా కలిపి ఇచ్చాను. ఆమె కూలి కొంగున కట్టుకుని నూటొక్కటి వెనక్కి తోసింది.

"ఏందే గిది? పెట్టిన కట్నం యాడనన్న వాపస్ దీస్కుంటరా?"

"గది నిజం పెండ్లి గాదమ్మా. సినిమా."

"నాకు తెల్వదా? పొద్దుగాలకెల్లి మూడుసార్లు కట్టిండు తాళి, చూస్తనే ఉన్న. గాని బంతిల గూసోని తిన్నమా లేదా? పెండ్లి బువ్వ తిని ఉత్తచేతుల పోతె నలుగురేమంటరు?"

"మరి కూలి తీస్కుంటివి గద?"

"ఎండల నిలబడ్డందుకు కూలి. తిన్నందుకు కట్నం. గీ మాత్రం తెల్వదా నీకు? వచ్చే నెల మా మనుమరాలి పెండ్లున్నది. మీరొచ్చి పెట్టుండ్రి, సరిపాయె."

ఒక్కరంటే ఒక్కరు తీసుకోలేదు. బతిమాలిన కొద్దీ కోపానికొచ్చారు. ఒకాయన "మా పైసలు చెల్లయా?" అని కూడా అడిగాడు. ఆ ఎండలో ఆ నోట్లు పట్టుకుని నిలబడి నాకు ఏడుపొచ్చింది.

పెట్టె దగ్గరికి తిరిగి వచ్చేసరికి ప్రొడక్షన్ మేనేజర్ బాలకృష్ణ నా కోసమే ఎదురుచూస్తున్నాడు. సంగతి ఆయన దాకా పోయింది. "ఇంత చిన్నదానికి రాద్ధాంతం ఎందుకమ్మా? ఇటివ్వు. టీలల్లో, డీజిల్‌లో కలిపి సర్దేస్తా. నీ లెక్క సరిపోతుంది, మేడమ్ సంతకం పెడుతుంది, నీ పనీ అయిపోతుంది" అని చెయ్యి చాపాడు.

ఇచ్చేస్తే అయిపోయేది. నిజం చెప్పాలంటే చెయ్యి సగం ముందుకు పోయింది కూడా. కానీ మా అమ్మ గుర్తొచ్చింది. ఏ పెళ్లికి బయల్దేరినా అమ్మ ముందు మా అక్క పెళ్లినాటి కట్నాల పుస్తకం తీసి, వాళ్లు మనకెంత పెట్టారో చూసి, దాని మీద ఇంకొంత వేసి పెడుతుంది. కట్నం ఊరికే వచ్చే డబ్బు కాదు. తిరిగి పెట్టాల్సిన బాకీ. ఈ మనిషి దాన్ని డీజిల్‌లో పోస్తానంటున్నాడు.

"ఇయ్య. ఇవి మీ ఆదాయం గాదు సార్, బాకీ" అన్నాను.

"బాకీ అయితే ఎవరు తీరుస్తారు? ఇవాళ షూటింగ్ అయిపోయిందని గుమ్మడికాయ కొట్టి రేపు అందరం వెళ్లిపోతాం" అంది పక్కనే కూర్చున్న రేఖ మేడమ్, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

"నేను తీరుస్త."

మళ్లీ నోరు జారింది. కానీ ఈసారి వెనక్కి తీసుకోవాలనిపించలేదు. బాలకృష్ణ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. రేఖ మేడమ్ ఆ డబ్బు కంపెనీది కాదని ఒక కాగితం రాయించి, నా చేత సంతకం పెట్టించి, నోట్లు నా సంచిలో వేయించింది. పెట్టెలో మిగిలిన నగదూ ఓచర్లూ రూపాయి తేడా లేకుండా సరిపోయాయి.

"నీ పని ఖాయం. వచ్చే నెల మొదటి వారం నుంచి వైజాగ్‌లో షూటింగ్, నలభై రోజులు" అంది.

"వచ్చే నెల జములమ్మ మనుమరాలి పెండ్లున్నది మేడమ్. ఆ ఒక్క రోజు..."

"మన పనిలో సెలవుండదు కావ్యా. డబ్బిచ్చే మనిషి లేకపోతే ఆ రోజు పని జరగదు."

"అయితే నాకు ఈ పని వద్దు."

ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియడం లేదు. రెండు నెలలు ఎండలో ఎండింది దీని కోసమే కదా! ఎవరో తెలియని ముసలమ్మ నూటొక్క రూపాయల కోసం వదులుకుంటున్నానా? అయినా అక్కడే నిలబడ్డాను.

మేడమ్ కాగితాలు పక్కన పెట్టింది. "నాకు మొదట్లో అందరూ పెళ్లి కార్డులు పంపేవాళ్లు. ఎప్పుడూ షూటింగే. పోలేకపోయేదాన్ని. పోయినేడు మా సొంత అక్క బిడ్డ పెండ్లి. ఎట్లాగూ రాదు గదా అని నాకు కార్డు కూడా వేయలేదు" అంది.

తర్వాత తన పర్సులోంచి రెండు నోట్లు, ఒక రూపాయి బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు పెండ్లికి పో. ఆ రోజు నీ పెట్టె దగ్గర నేను కూర్చుంట. ముందు నా పేరు రాయి, రేఖ, రెండొందల ఒక్కటి. నేను కూడా తిన్న గదా ఆ బువ్వ."

రాయబోయి ఆగాను. కట్నం రాసుకున్నాక తిరిగి పెట్టాలి కదా. మేడమ్ ఒక్కతే ఉంటుందని యూనిట్‌లో అందరికీ తెలుసు.

"మీ ఇంట్ల ఫంక్షన్ ఎప్పుడు మేడమ్? నేను మళ్ల ఎప్పుడు పెట్టాలె?" అని అడిగాను.

ఆమె చూపు నా మీద నుంచి ఖాళీ అవుతున్న పందిరి మీదికి పోయింది. పందిరి కట్టినవాళ్లు అప్పటికే గుంజలు పీకుతున్నారు.

"నువ్వు రాయవే ముందు" అంది. రాశాను.