పదిహేడో నంబరు రాయి

గీదంలో ఎరువుల కొట్టు మీద అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో ఒక సర్కారీ ఆఫీసు ఉంది. దక్షిణ బస్తరులోని పాత గుళ్ళు, శాసనాలు, విగ్రహాలు, పోయినవాళ్ళ పేరున నిలిపిన రాళ్ళు, అన్నిటినీ కాపాడటం దాని పని. వానాకాలంలో ఆ గదుల కప్పే కారుతుంది. తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, కారేచోట బకెట్లు పెట్టుకుని, వెయ్యేళ్ళ గుడికి కప్పు వేయించడానికి వాళ్ళు అంచనాలు రాస్తుంటారు. నవ్వడం సులువే. కాని అందులో పనిచేసే నలుగురూ లేకపోతే ఈపాటికి సగం విగ్రహాలు ఎవరెవరి బంగళాల్లోనో అలంకారంగా ఉండేవి.

ఆ నలుగురిలో రాజేశ్వరరావు టెక్నికల్ అసిస్టెంటు. తండ్రి బొబ్బిలి నుంచి కిరండూల్ గనికి వచ్చినవాడు. ఇతను అక్కడి కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. అతను టేపు పట్టాడంటే అరంగుళం తేడా రాదని పేరు. ఆ పేరంటే అతనికి మహా ప్రీతి. ఇంట్లో భార్య పరదాలకు గుడ్డ కొలిచినా పక్కన నిలబడి మళ్ళీ కొలిచే రకం.

పోయిన వేసవిలో గొల్లపల్లి దాటాక ఒక దోర్ల గిరిజనుల పల్లె దగ్గర రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. రోడ్డు పక్కన ఇరవై మూడు రాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ఆ ఊళ్ళో మనిషి పోతే కొండ నుంచి రాయి తెచ్చి నిలుపుతారు. ఆ రాయే ఇక ఆ మనిషి. ఎనిమిది రోజుల్లో వాటిని తీయకపోతే బుల్డోజరు తీస్తుందన్నారు. తీస్తే ఊరుకోమని ఊరు అంది. అప్పుడు రాజేశ్వరరావు వెళ్ళి భీమే అనే ఆవిడ వాకిట్లో కూర్చున్నాడు. భీమే అరవై దాటిన మనిషి, ఆమె మాటకు ఊళ్ళో విలువ ఉంది. ఆమె భర్త పేరు మాడ, అతని రాయి కూడా ఆ వరసలోనే ఉంది.

"ఒక్కో రాయీ ఎవరిదో రాసుకుంటానక్కా. మీవాళ్ళను మీకు అప్పగించే పూచీ నాది" అన్నాడు. ఆ మాట మీద భీమే మొదటి వేలిముద్ర వేసింది. ఆమె వేసింది కనుక మిగతావాళ్ళూ వేశారు.

రాసుకోవడం నిజంగానే రాసుకున్నాడు. రాయికో నంబరు, పోయినవాళ్ళ పేరు, వాళ్ళ గట్టు, అంటే వంశం, రాయి ఎత్తు, ఒక ఫోటో. రాళ్ళ మీద సుద్దతో నంబర్లు వేశాడు. రంగు వేస్తే రాయి పాడవుతుందని రూలు, సుద్దే వాడాలి. క్రేను రాళ్ళను తవ్వి తీసి, మిట్ట మీద కొత్త ఆవరణలో పడుకోబెట్టింది. ఆ రాత్రి వేళకాని వేళ వాన దంచింది. తెల్లారేసరికి ఒక్క రాయి మీద కూడా నంబరు లేదు.

కొలత ఉంది కదా అనుకుని టేపు తీశాడు. ఆఫీసు ఫారంలో రాసేది నేలకు పైన కనబడే ఎత్తు. తవ్వి తీశాక ఒక్కో రాయికీ మట్టిలోని పాదం బయటపడింది. ఒకదానికి మూరెడు, ఇంకోదానికి జానెడు. ఏ కొలతా ఏ కొలతతోనూ కలవలేదు. అరంగుళం తేడా రానివాడి లెక్క అడుగుల కొద్దీ తప్పింది.

ఫోటోలు చూసి పద్దెనిమిదింటిని గుర్తుపట్టాడు. ఐదు మిగిలాయి. ఒకే ఏడాది జ్వరాలకు పోయిన ఐదుగురివి అవి, మాడదీ అందులోనే. ఒకే కొండ నుంచి ఒకేసారి తెచ్చిన నల్లటి పలకలు, కవల పిల్లల్లా ఉన్నాయి. వరసలో ఎన్నోదన్న లెక్కతోనే ఊళ్ళోవాళ్ళు వాటిని ఆనవాలు పట్టేవారు. ఊరంతా తునికాకు కోతకు అడవిలో ఉంది. పైఅధికారి వికాస్ ఫోన్ చేసి, "సాయంత్రానికి క్రేను వెళ్ళిపోతుంది, రాళ్ళు నిలిపి పేర్ల ప్లేట్లు బిగించేయండి, ఫైలు ఆగిపోతుంది" అన్నాడు. రెండు రోజులు ఆగి, భీమేను పిలిచి, అక్కా పొరపాటైంది, రాళ్ళు నిలిపినవాళ్ళు పాదాలు చూసి చెప్పండి అంటే సరిపోయేది. ఆ పొరపాటు అన్న మాటే నోటికి రాలేదు. పదిహేడు నుంచి ఇరవై ఒకటి దాకా అందాజుగా నంబర్లు వేసి, పేర్ల ప్లేట్లు బిగించి, సిమెంటు పోయించాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే అదే. ఆ తరువాత ఆఫీసుకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. దాన్ని అతను ఇంటికి తీసుకెళ్ళలేదు.

వరికోతలు మొదలైన రోజుల్లో, ఏడాదికోసారి రాసే స్థితి నివేదిక కోసం రిజిస్టరు, టేపు పట్టుకుని ఆవరణకు వచ్చాడు. మూడు రాళ్ళు కొలిచాడో లేదో భీమే వచ్చింది. చేతిలో ఆకు పొట్లం ఉంది. కొత్తల పండగ. కొత్త బియ్యం ముందు పోయినవాళ్ళకు పెట్టి, ఆ తరువాతే ఇంట్లోవాళ్ళు తినాలి. ఒక గట్టువాళ్ళ కూడు ఇంకో గట్టు మనిషి రాయికి పెడితే ఇద్దరూ పస్తే ఉంటారని వాళ్ళ నమ్మకం.

"మా ఆయన ఏడున్నడు సారూ? నాకు సదువు రాదు, కండ్లకు పొర గూడ వచ్చె" అంది.

రాజేశ్వరరావు చెయ్యి తనంతట తానే లేచి, మాడ పేరు ప్లేటు ఉన్న పదిహేడో నంబరు చూపించింది.

భీమే ఆ రాయి ముందు గొంతుక్కూర్చుంది. పొట్లం విప్పబోయి ఆగింది. "నీ బుక్కుల ఎత్తు రాసుకున్నవ్ గద? కొలువు సారూ. పెరిగిండా?"

మనిషి తృప్తిగా ఉంటే రాయి పెరుగుతుందని, అలిగితే కుంగుతుందని ఆ ఊరి మాట. పెరిగాడక్కా అంటే పోయేది. కాని టేపు చేతిలో ఉంటే ఆ నోటికి అబద్ధం అలవాటు లేదు. కొలిచాడు, రిజిస్టరు చూశాడు, బయటికి చదివేశాడు. "తొమ్మిది అంగుళాలు తక్కువ."

భీమే చెయ్యి పొట్లం మీదే ఉండిపోయింది. "తగ్గిండా? నా మీద కోపం ఆయనకు. నేనే గద మొదాలు ఏలుముద్ర ఏసింది. ఉన్నకాడ ఉండనియ్యక తవ్విచ్చిన."

"కోపం కాదక్కా. సిమెంటులో లోతుగా పాతాం, అందుకని..."

"సిమెంటేందో నాకు తెల్వదు. ఆయన బతికుండంగ నన్నొక్క మాట అనలే." ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను చేసిన తప్పును ఆ మనిషి తన నెత్తిన వేసుకుని ఏడుస్తోంది. రాజేశ్వరరావుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఇది మాడ రాయో కాదో నాకు తెలీదు. వానకు నంబర్లు పోయాయి. ఈ ఐదింటికీ నేను ఊహించి పేర్లు పెట్టాను. వీటిలో ఏదో ఒకటి మాడ. ఏదని అడిగితే చెప్పలేను."

భీమే తలెత్తి అతన్ని చూసింది. "అయితే నా మీద కోపం లేనట్టే" అంది ముందు. తరువాత ఐదు రాళ్ళనూ ఒక్కొక్కటిగా తడిమి చూసి వచ్చింది. చేతికి ఏమీ తెలియలేదు. "అప్పుడే ఎందుకడగలే? ఆకు పనికి పోయినం గని, సచ్చిపోలే గద."

రాజేశ్వరరావు రిజిస్టరు మూసి లేచాడు.

"తక్కిన నాలుగిళ్ళకూ నేనే వెళ్ళి చెప్తాను" అన్నాడు. భీమే పొట్లం కొంగున కట్టుకుని ముందు నడిచింది.

మొదటి ఇల్లు మంగిది. పద్దెనిమిదో నంబరు మీద ఆమె భర్త బుధ్రా పేరు ఉంది. వాకిట్లో ఆమె అత్త, ఎనిమిదేళ్ళ కూతురు పూనం ఆకుల్లో కొత్తన్నం తింటున్నారు. మంగి ముఖం వెలిగిపోతోంది.

"రా సారూ. మేం నిన్ననే పెట్టుకున్నం. మా పూనం ఉంది సూడు, మీరు కొట్టిన బోర్డు మీద వాళ్ళ నాయిన పేరు సదివింది. ఆ పిల్ల బడికి పోయినందుకు నాకు అది సాలు. ఆయన ముందలే ఏడ్సిన."

రాజేశ్వరరావు నోరు తెరిచాడు. భీమే అతని ముంజేయి పట్టుకుంది. ఆ ముసలి చేతికి అంత బలం ఉంటుందని అతను అనుకోలేదు.

"ఊకో" అంది గొంతు తగ్గించి. "తిన్నరు. తిన్నది కక్కమంటవా?"

"చెప్పాలి కదక్కా."

"నాకు తెలిసింది గద. నాతోనే ఉండనియ్."

చెప్పక్కర్లేదన్నందుకు అతని లోపల ఎక్కడో కాస్త తేలిక అనిపించింది. ఆ తేలికను చూసుకుని సిగ్గుపడ్డాడు. మంగి అప్పటికే చాప పరిచి ఇద్దరి ముందూ ఆకులు వేసింది. వేడన్నం, పక్కన చిక్కుడుకాయ కూర. కొత్తన్నం పెడితే కాదనకూడదు. రాజేశ్వరరావు తల వంచుకుని తిన్నాడు. మంగి మారు వడ్డిస్తే అదీ తిన్నాడు.

భీమే ఆకు అలాగే ఉంది.

"ఏంది పెద్దమ్మా, తినవేంది?" అంది మంగి. "పొద్దుగాల మిట్ట మీదికి పోతివి గద."

భీమే తన ఆకును పూనం వైపు జరిపింది. "పోయినొచ్చిన బిడ్డా" అంది. "మీ మాడ పెద్దనాయిన ఇంకా తినలే."