గొట్టానికి రెండో కొస

పోయిన చకనేత్స నీలం ఓవరాల్‌ను అతని భార్య మాయి రుదో తెచ్చి మురాంబివా ఒళ్లో పెట్టింది.

"తొడుక్కోవయ్యా సావిరా. జనం ఎదురుచూస్తున్నారు."

గుతు వైపు ఊళ్లలో ప్రతి ఇంటికీ ఒక సావిరా ఉంటాడు. చావింట నవ్వించాల్సిన స్నేహితుడు. పోయినవాడి బట్టలు తొడుక్కుని, వాడి నడక నడిచి, వాడిలా మాట్లాడి, శవం లేచేలోపు ఇంటివాళ్లను ఒక్కసారైనా నవ్వించాలి. చకనేత్స ఇంటికి ఆ వరస మురాంబివాదే.

ఓవరాల్ మోకాళ్ల దగ్గర గ్రీజు మరక ఇంకా మెరుస్తోంది. మొన్న శనివారంనాటిది. ఊరి బోరింగు ఎప్పుడు చెడిపోయినా పైసా పుచ్చుకోకుండా బాగుచేసేది చకనేత్స. గొట్టాలు పైకి లాగడానికి రెండో మనిషి మురాంబివా. ఆ రోజూ పెద్దకూతురు రుదో చేత కబురు పెట్టాడు; తల్లిని మాయి రుదో, అంటే రుదో అమ్మ, అని పిలిచేది ఈ పిల్ల పేరుతోనే.

"టీ తాగి వస్తున్నానని చెప్పు," అన్నాడు మురాంబివా. టీ తాగాక మామిడి నీడలో నడుం వాల్చాడు. కునుకు పట్టింది. వెళ్లేసరికి చకనేత్స ఒక్కడే గొట్టం లాగబోయి, బోరింగు పక్కన ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. చెయ్యి ఇంకా గొట్టం మీదే ఉంది.

ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

తన భార్య ఎస్నాత్ చివరి జబ్బులో, ఆమెను తోపుడుబండిలో కూర్చోబెట్టి, ఎండ తగలకుండా గొడుగు కట్టి ఆసుపత్రికి తోసుకెళ్లింది ఈ చకనేత్సే. పిలవగానే, సంకటి తింటున్న చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చాడు.

మురాంబివా ఓవరాల్ తొడుక్కుని ముంగిట్లోకి వచ్చాడు. ఎడమ భుజం వంచి, లేని పనిముట్ల పెట్టె మోస్తూ నడిచాడు.

"అచ్చం వాడే!" అంది ఒక ముసలావిడ. "ఆ పొట్ట ఒక్కటే అడ్డం!"

గోడకు ఆనించిన రోకలిని తెచ్చి బోరింగులా ముందర నిలబెట్టాడు. "రా తల్లీ, రా బంగారం, అలిగావా? తొందరగా వచ్చెయ్యమ్మా, ఇంటికెళ్లి చిన్నదానికి జడ వెయ్యాలి. ఆలస్యమైతే వాళ్లమ్మ నన్ను ఉతికి ఆరేస్తుంది."

జనం గొల్లుమన్నారు. కూతుళ్లకు జడలు వేసేది నిజంగా చకనేత్సే.

"బోరింగైతే బంగారమా!" చాప మీద నుంచి మాయి రుదో ఏడుపు గొంతుతోనే అరిచింది. "నన్ను ఒక్కనాడైనా అలా పిలిచాడా?"

ఇక గొట్టం లాగాలి. రోకలిని పడుకోబెట్టి ఒక కొస ఎత్తాడు. రెండో కొస నేల మీదే ఉంది. అక్కడ నిలబడాల్సింది తను. చేతులు ఆగిపోయాయి.

"ఏమైంది సావిరా?" అన్నారెవరో.

"రెండో మనిషి రాలేదు." అది చకనేత్స గొంతు కాదు, తన గొంతే. "టీ తాగి పడుకున్నాడు."

వెనక ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు.

మాయి రుదో లేచింది. ఆడవాళ్లు కూర్చోమని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని వచ్చి, రోకలి రెండో కొస పట్టుకుంది.

"నాకు తెలుసు," అంది, అతనికొక్కడికే వినబడేలా. "కబురు తెచ్చింది నా కూతురే కదా. నువ్వొచ్చేదాకా ఆగమని నేనూ మొత్తుకున్నాను. ఎవరి మాట విన్నాడు?"

అప్పుడు గొంతు పెంచింది. "లాగవయ్యా! మళ్లీ టీ కావాలా?"

ముంగిలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, కళ్లు కారుతుండగానే.

ఒట్టి రోకలి. పిల్లలు కూడా ఎత్తేస్తారు. మురాంబివా దాన్ని పైకెత్తడానికి చాలాసేపు పట్టింది. ఆమె అంతసేపూ తన కొస వదల్లేదు.