ముద్ర పడని వేళ్లు

"గ్లాసు నిండా వేలిముద్రలేంటి? అసలు తోమావా, నీళ్లు చూపించి పెట్టావా?" అంటూ మా ఆయన గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టారు.

"మీ ముద్రలే అవి. ఇందాక మీరే కదా అందుకున్నారు."

"నేను పట్టుకున్నది అంచు దగ్గర."

మా అమ్మాయి స్నిగ్ధ ఇడ్లీ నములుతూ నవ్వింది. "కేసు పెట్టండి నాన్నా."

ఆయన గ్లాసు పక్కకు నెట్టి ఇంకోటి తెమ్మన్నారు. అప్పుడే బెల్లు మోగింది.

గుమ్మంలో బాలలక్ష్మి. స్నిగ్ధ చదివే యూనివర్సిటీలోనే అమ్మాయిల హాస్టల్ మెస్సులో పందొమ్మిదేళ్లుగా గిన్నెలు తోముతోంది. మౌలాలి నుంచి బస్సులో వచ్చి తార్నాకలో దిగి నడుస్తుంది. మా ఆయన సుందరరావు గారు హాస్టళ్ల ఆఫీసులో సూపరింటెండెంటు.

"సార్, మిషన్ నా వేళ్లు తీసుకుంటలేదు."

మెస్సును కొత్త ఏజెన్సీకి అప్పగించారు. పనివాళ్లందరి వేలిముద్రలూ మిషన్ మీద తీసి, పాత పోలీసు కేసులేమైనా ఉన్నాయేమో చూస్తారట. ఏమీ లేవని కాగితం వస్తేనే పని. బాలలక్ష్మి చేత మూడుసార్లు పెట్టించారు. తెర మీద పది గుండ్రటి తెల్ల మచ్చలు వచ్చాయి. ఒక్కదాన్లోనూ గీత లేదు.

"గిన్నెలు తోమే సోడా నీళ్లల్ల అరిగినయి సార్. అరిగినా ఎంతో కొంత మిగిలుండె. పెద్దోళ్లు చూస్తరు, మురికి కనబడొద్దని, ముందురోజు గిన్నెల పీచుతోనే రుద్ది రుద్ది కడుక్కున్న. నాదే తప్పు."

గిన్నె తోమినట్టు తన వేళ్లు తోముకుంది. తళతళలాడుతున్నాయి.

"మీ జీతాల రిజిస్టర్ల నెల నెల నా బొటనవేలు ఉన్నది గద సార్. అది చూపియ్యరాదా?"

"రూలమ్మా. చూద్దాం," అన్నారాయన, చెప్పులు వేసుకుంటూ.

నేను మంచినీళ్లిచ్చాను. సింకు కింద పనివాళ్ల కోసం విడిగా ఉంచిన సొట్ట గ్లాసులో. ఆమె వెళ్లాక కడగబోతూ, ఎందుకో దాన్ని వెలుతురుకు ఎత్తాను. ఏ గుర్తూ లేదు. ఎవరూ ముట్టుకోనట్టుంది.

కడగబుద్ధి కాలేదు.

ముద్ర పడలేదని బాలలక్ష్మితో కలిపి పదకొండు మంది ఆడవాళ్లను తీసేశారు. వాళ్లు హాస్టల్ గేటు ముందు కూర్చున్నారు. నాలుగో రోజు మజ్జిగ పట్టుకుని నేనూ వెళ్లాను. ఏజెన్సీ సూపర్‌వైజర్ పరుశురాం ఫోన్ ఊపుతూ మాట్లాడుతున్నాడు.

"ముద్ర లేనోళ్లు ఎవరో మాకెట్ల తెలుస్తది? రేపేదన్న పోతే ఎవర్ని పట్టుకోవాలె?"

"పోయిన వారం నీ కంచం నేనే కడిగిన బిడ్డా," అంది బాలలక్ష్మి. "అప్పుడు తెల్వలేదా నేనెవరో?"

ముద్ర పడ్డవాళ్లు గేటు లోపల నిలబడి చూస్తున్నారు. వంటమేస్త్రీ బిక్షపతి చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "మాయి మంచిగనే వచ్చినయి. మేం గూడ కూసుంటే పిల్లలకు వండేదెవరు? మమ్మల్ని గూడ తీసేస్తే?"

"నీది గరిటె పని, నాది సోడా పని. ఒక ఏడాది మార్చుకుందమా అన్నా?"

ఇటూ అటూ నవ్వులు. బిక్షపతి మాత్రం నవ్వలేదు.

ఆ ఎండలోనే, నా చేతిలోని మజ్జిగ అందుకోబోతూ బాలలక్ష్మి పక్కకు ఒరిగిపోయింది. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు. ఆమె మా మనిషే కాదు, మా దగ్గర ముద్ర లేదు అంది ఏజెన్సీ.

ఆ రోజు నుంచీ మా వంటింట్లో పీచు రాసుకునే చప్పుడు. కుళాయి కట్టేసి ఉన్నా, నేను ముందు గదిలో ఉన్నా, సింకు దగ్గర ఎవరో తోముతూనే ఉంటారు. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. ఏ గ్లాసు ఎత్తినా దాని మీద నా ముద్రలు. చూడలేక తుడిచేస్తున్నాను.

సోమవారం పొద్దున మళ్లీ గేటు దగ్గరికి వెళ్లాను. హాజరు మిషన్ ముందు సోడా నీళ్ల బేసిన్ ఉంది, అందులో స్టీలు పీచు. బిక్షపతి చొక్కా చేతులు మడిచి, వేళ్లు ముంచి రుద్దుతున్నాడు. తర్వాత మిషన్ మీద పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది.

"అక్కవి పోయినయి. మాయీ పోయినయి. రాసుకో."

వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. నలభై మంది. ఆ తర్వాత స్టూడెంట్లు. వాళ్లు లైబ్రరీలో వేలు పెట్టే మిషన్ కూడా ఆ ఏజెన్సీదే. ఎవరూ నినాదం ఇవ్వలేదు. పీచు చప్పుడొక్కటే. నా వంటింట్లో వినిపించిందీ ఇదే.

"ఆగున్రి, సార్లతోని మాట్లాడ్తున్న," అన్నాడు పరుశురాం.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు బిక్షపతి. "ఎవర్ని తీసేస్తవ్?"

మధ్యాహ్నం భోజనానికి మా ఆయన ఇంటికొచ్చారు. స్నిగ్ధ ఆవకాయ కలుపుతూ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏమైంది?"

"మంట నాన్నా." ఎర్రగా కందిన వేళ్లు చూపించింది.

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి విషయం చెప్పారు. బాలలక్ష్మి అనే పేరుతో హాస్టళ్లలో ఎవరూ పనిచేయలేదని రాసి సంతకం పెట్టమన్నారట పైవాళ్లు. పాత రిజిస్టర్లు తూకానికి వేసేయమన్నారట.

నేను సొట్ట గ్లాసులో నీళ్లు పోసి ఆయన కంచం పక్కన పెట్టాను. "బాలలక్ష్మి తాగింది ఇందులోనే. కడగలేదు."

ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూడలేదు. తాగేశారు.

"మొదటి రిజిస్టర్లో గీతలన్నీ ఉన్నాయి," అన్నారు. "ఏటికేడు చెరిగిపోతూ వచ్చాయి. చివరిదాంట్లో ఉత్త సిరా మచ్చ. ప్రతి నెలా నా ముందే వేసింది, నేనెప్పుడూ చూడలేదు."

ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టారు.

"సంతకం పెట్టను. రేపు పొద్దున అన్నీ తెచ్చి గేటు ముందు పరుస్తాను. పందొమ్మిదున్నాయి. మీరిద్దరూ రండి, నేనొక్కణ్ణీ మోయలేను."